ఒంటి గీత

సోమవారం పొద్దున ఎమర్జెన్సీ కౌంటర్లో కోమలి ఎనిమిదో పేరు ఎక్కిస్తుండగానే తొమ్మిదో మనిషి స్ట్రెచర్ మీద వచ్చాడు. ముందొచ్చిన ఎనిమిది మందిలో ఐదుగురు అలిపిరి మెట్లెక్కుతూ కళ్లు తిరిగి పడ్డవాళ్లే. మెట్టు మెట్టుకూ బొట్టు పెట్టి పెట్టి వేళ్లన్నీ పసుపు. అలాంటివాళ్లకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి కాసేపు కూర్చోబెడితే గోవిందా అంటూ లేచి పోతారు. ఈ తొమ్మిదోవాడు అలా లేచేవాడు కాదు. ముప్పై ఏళ్లుంటాయి. దవడలు లోపలికి పోయాయి. పరుగెత్తి వచ్చినవాడిలా ఊపిరి తీస్తున్నాడు.

"పేరు?"

"వెంకటముని. నా కొడుకు. నా పేరు దేవకమ్మ. చంద్రగిరి పక్కన పల్లె మాది," అంది వెంట వచ్చిన ముసలామె, కౌంటరు అంచు పట్టుకుని.

"ఏమైంది?"

"వారం దినాలుగా కక్కతానే ఉండాడు అమ్మణ్ణీ. మనిషి సగమైపోయినాడు. నా కోడలు మందు పెట్టేసింది నా బిడ్డకు."

మందు పెట్టడమంటే ఈ పక్క పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. కొడుకు పెళ్లాం మాట వింటే మందు పెట్టిందంటారు. చిక్కిపోతే మందు పెట్టిందంటారు. అన్నం సయించకపోయినా అదే మాట. పసరు పోసి ఆ మందు కక్కించేవాడు ఊరికొకడు ఉంటాడు, వాడి బతుకు వాడికి బాగానే జరుగుతుంది. ఇందులో విషం ఊసు ఎవరి మనసులోనూ ఉండదు. అత్తలు కోడళ్లను తిట్టే తిట్లలో ఇదొకటి, అంతే. కోమలికి ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. సొంత మేనత్తను అలా కక్కించడానికి తీసుకుపోతే తమ ఊరు నగరి నుంచి తోడు వెళ్లింది తనే.

డ్యూటీ డాక్టర్ అనికేత్ వెంకటముని పొట్ట నొక్కి చూస్తున్నాడు. నాగపూరు నుంచి వచ్చి మూడు నెలలైంది. ఆయనకు వచ్చిన తెలుగు "నొప్పి", "ఎక్కడ", "గట్టిగా ఊపిరి". మిగిలినదానికంతా కోమలే దిక్కు. ఆ సంగతి కోమలికి లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

"కోమలీ, వాట్ ఈజ్ షి సేయింగ్?"

కోమలి తల ఎత్తలేదు. వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. "వైఫ్ మిక్స్‌డ్ మెడిసిన్ ఇన్ హిజ్ ఫుడ్, సర్."

"విచ్ మెడిసిన్?"

కోమలి ముసలామెను అడిగింది. "అదేందో మాకెట్ల తెలుస్తాది?" అంది దేవకమ్మ.

"నాట్ నోన్, సర్."

మాటకు మాట సరిపోయింది. ఒకటి ఎక్కువ కాలేదు, ఒకటి తక్కువ కాలేదు. డాక్టర్ ఒక్క క్షణం ఆగి కేసు షీటులో రెండు వరుసలు రాశాడు. కోమలి పదో పేరు అడిగింది.

కీబోర్డు కింద రెండు కాగితాలు మడిచి పెట్టుకుని ఉంది. ఒకటి హాస్పిటల్ మేనేజ్‌మెంటులో ఎంబీఏ. తిరుపతిలోనే శని, ఆదివారాల క్లాసులు. ఫీజు ఆసుపత్రి కడుతుంది, ఉద్యోగం పోదు, చదువు కాగానే అసిస్టెంట్ మేనేజరు. రెండోది ఎంహెచ్ఏ, ఆసుపత్రుల నిర్వహణ చదువు. చెన్నైలో రెండేళ్లు, ఉద్యోగం వదిలి పోవాలి. దేనికైనా శనివారం సాయంత్రం ఐదు గంటలే గడువు. మొదటిదానికి ఆసుపత్రి సిఫారసు కావాలి. రెండోదానికి ఈ కౌంటర్లో చేసిన రెండేళ్ల ఉద్యోగానికి అనుభవ పత్రం కావాలి. రెండింటి మీదా పడాల్సింది మేనేజర్ గిరి సంతకమే.

మంగళవారం డ్యూటీకి వచ్చేసరికి మెట్ల కింద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై రెండో, ఇరవై మూడో. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆ చేతుల్లో ఏదో ఉండాల్సింది లేనట్టు చూసుకుంటోంది.

"ఎవరికోసం?" అంది కోమలి.

"వెంకటముని పెండ్లాన్నక్కా. పల్లవి. పైకి పోనీలేదు. బువ్వ తెస్తే పోలీసాయన క్యారియర్ పెరుక్కున్నాడు. మిరియాల చారన్నం. టెస్టుకు పంపిస్తారంట."

"టెస్టెందుకు?"

"నేను ఇసం పెట్టినానంట గదా. ఆసుపత్రిలోనే రాసినారంట. నిన్న సాయంత్రం స్టేషన్లో కూసోబెట్టినారు, ఈపొద్దు మల్లా రమ్మన్నారు." ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్పు అయిపోయి చాలాసేపైన మొహం. "రాసిన డాక్టరు నా మొగం గూడా సూడలేదక్కా. ఆయనకు నేనేం ద్రోహం జేసినాను?"

కోమలికి ఒళ్లు మండిపోయింది. భాష రాని ఊళ్లోకొచ్చి మనుషుల బతుకుల మీద ఇష్టమొచ్చినట్టు రాయడానికి ఈయనెవరు? బ్యాగు కౌంటర్లో పడేసి నేరుగా డాక్టర్ గదికి పోయింది. దారిలో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు కూర్చుకుంది, నాలుగూ గట్టివే.

అనికేత్ ఆమె చెప్పేదాకా ఆగలేదు. రోగి కోలుకుంటున్నాడని, రక్తంలో చక్కెర ఆరువందలు దాటి ఉందని, ఆ వాంతులకు, చిక్కిపోవడానికి అదొక్కటే చాలని చెప్పాడు. షుగరు ఉన్నట్టు ఇంతకాలం అతనికే తెలియదట. "కానీ తల్లి చెప్పిన మాట వదిలేయలేను. ఆహారంలో ఏదో మందు కలిపారంటే పోలీసులకు తెలియజేయాలి. రూలు," అంటూ కేసు షీటు ఆమె వైపు తిప్పాడు.

భార్య ఆహారంలో విషపదార్థం కలిపినట్టు ఆరోపణ. సమాచారం ఇచ్చినవారు తల్లి. అనువదించినవారు: కోమలి, రిజిస్ట్రేషన్.

కూర్చుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

బయటికొచ్చి ఐసీయూ తలుపు దగ్గర దేవకమ్మను పట్టుకుంది. "విషమని చెప్పినావా అవ్వా నువ్వు?"

"ఇసమా?" ముసలామె నోరు తెరిచింది. "ఎవురా మాటన్నది? మందు పెట్టిందన్నాను. ఆ మాట అననోళ్లెవరు అమ్మణ్ణీ? మా అత్త నన్ను గూడా అన్నది."

బుధవారం గిరి తనే పిలిపించాడు. ఆయన గదిలో ఏసీ ఎప్పుడూ చలిగా ఉంటుంది. ఆ చలి చూసే కోమలికి ఎంబీఏ మీద మనసు పోయింది, దాచుకోవడమెందుకు. బల్ల మీద ఆమె సిఫారసు ఫారం అప్పటికే నింపి ఉంది. పేరు, పుట్టిన తేదీ, కోర్సు. సంతకం చోటు మాత్రం ఖాళీ.

"కూసో. ఆ పిల్ల వాళ్లన్న లాయరును తెచ్చినాడు. విషమని ఎవరన్నారు, ఎవరు రాసినారు అని అడగతా ఉండాడు," అన్నాడు గిరి. ఇంకో కాగితం తీశాడు. "నువ్వొక స్టేట్‌మెంట్ ఇయ్యాల. టైపు చేయించినా. సదువు."

కోమలి చదివింది. రోగి తల్లి "విషం" అనే మాటను స్పష్టంగా, రెండుసార్లు వాడినట్టు అందులో ఉంది.

"ఆమె విషమనలేదు సార్. మందు పెట్టిందన్నాది."

"నాకు తెల్దా మందు పెట్టడమంటే ఏందో? నేనూ పాకాలవాణ్ణే." గిరి నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ఇంట్లో చిన్నవాళ్లకు లోకం చెప్పే పెద్దవాడి నవ్వు. "నువ్వు తప్పు చెప్పినావంటే ఆసుపత్రి తప్పైతాది, డాక్టరు తప్పైతాది, నీ ఉద్యోగం పోతాది. ఆమె అన్నదంటే ఎవురికీ ఏమీ కాదు. ఏలిముద్ర ఏసే ముసల్ది, మొన్న ఏమన్నదో ఆమెకే గెవనం ఉండదు."

"ఆ పల్లవి సంగతేంది సార్?"

"ల్యాబు రిపోర్టులో ఏమీ లేదని వస్తాది, వదిలేస్తారు. నెల పట్టచ్చు, రెండు నెలలు పట్టచ్చు." ఖాళీగా ఉన్న కేసు షీటు మొదటి పేజీ ఒకటి ఆమె ముందుకు తోశాడు. "ఇదీ తీసుకో. మొదటి పేజీ కొత్తగా రాయిద్దాం, అనువదించినవారు అనే వరుస లేకుండా. డాక్టరుతో నేను మాట్లాడతా. పోలీసు కేసని ఆ షీటు రికార్డు రూముకు పోయింది గదా, ఆడ పాతది తీసి ఇది పెట్టించేది నీ పని. శుక్రవారంలోగా అయితే ఈ ఫారం మీద సంతకం అప్పుడే పెడతా."

ఆమె లేవలేదు. గిరి పెన్ను మూత పెట్టాడు.

"సూడు కోమలీ, ఎంబీఏలో ఇంతకన్నా ఏమీ చెప్పరు. ఆసుపత్రి నడపడమంటే ఇదే. నిన్ను కాపాడతా ఉండాను నేను."

అందులో అబద్ధం లేదు. ఆయన నిజంగానే ఆమెను కాపాడుతున్నాడు. అందుకే కోమలి కాగితాలు వద్దనకుండా తీసుకుంది.

సాయంత్రం హాస్టలు నుంచి నాయనకు ఫోను చేసింది. సుబ్రమణ్యానికి నగరిలో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు. వాటి మోతలో బతికి బతికి ఫోన్లో కూడా అరిచే మాట్లాడతాడు. "ఏది సదివితే ఉద్యోగం నిలబడతాదో అది సదువు మా! ఆడ మెడ్రాసులో రెండేండ్లు ఎట్ల?" అన్నాడు. మిగిలిన సంగతి చెప్పాలంటే తనూ అరవాలి. హాస్టల్లో పక్క మంచాల మీద ఆరుగురున్నారు. "సరే నాయనా," అని పెట్టేసింది.

గురువారం మధ్యాహ్నం రికార్డు రూముకు పోయింది. కొత్త పేజీ ఫైలు అట్టలో ఉంది. జుల్ఫికర్ భాయ్ నేల మీద చాప వేసుకుని, దబ్బనంతో కేసు షీట్లు కుట్టుకుంటున్నాడు. అందరూ స్టేప్లరు వాడతారు. పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తింటాయని ఆయన మాత్రం దారం వదలడు. ఇరవై రెండేళ్లుగా ఆ గదే ఆయన ఉద్యోగం.

"భాయ్, ఒక పేజీ తీసి ఇంకో పేజీ పెట్టాలంటే?"

ఆయన దబ్బనం ఆపాడు. అట్టలోంచి కనిపిస్తున్న తెల్ల పేజీని చూశాడు, ఆమెను చూశాడు. "నువ్వడిగేది రూలా పాపా, ధైర్యమా?"

కోమలి చాప అంచున కూర్చుని, రెండు కోర్సుల సంగతితో సహా జరిగిందంతా చెప్పింది. మేనత్త సంగతి కూడా చెప్పింది, మందు పెట్టడమంటే ఏమిటో తెలిసే అలా అన్నానని. చెప్పడం పూర్తయ్యాక కొంచెం గాలి ఆడినట్టయింది.

"ధైర్యం నా కాడ లేదు. ఉండుంటే ఈ రూములో ఇన్నేండ్లుంటానా?" అన్నాడు జుల్ఫికర్. "రూలు చెప్తా. రికార్డులో తప్పు రాసుంటే గీకి గీకి కొట్టెయ్యగూడదు. తెల్లరంగు పుయ్యగూడదు. పేజీ మార్చగూడదు. ఒంటి గీత. ఒకే గీత గీయాల, దాని కింద తప్పు కనపడతానే ఉండాల. పక్కన సరైంది రాసి పేరు, తేదీ, టైము ఎయ్యాల. తప్పు కనపడకుంటే అది దిద్దింది కాదు పాపా, దాచింది."

ఇంకో షీటు తీసి దారానికి ఎక్కించాడు.

"ఆ చెన్నై కోర్సులో ఒక సబ్జెక్టు మొత్తం రికార్డుల మీదేనంట గదా? ఎవరో అన్నారు. నిజమేనా?" అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

కోమలి ఫోన్లో సిలబస్ తీసింది. ఎంబీఏది ముందు తెరుచుకుంది. మార్కెటింగ్, బ్రాండు, బీమా క్లెయిములు. వెనక్కి వచ్చి రెండోది తీసింది. రెండో సెమిస్టరులో ఉంది: వైద్య రికార్డుల నిర్వహణ. దాని కింద చిన్న అక్షరాల్లో, దిద్దుబాటు పద్ధతులు, రోగి హక్కులు. ఆమె చదువుతుంటే జుల్ఫికర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పదో తరగతితో ఆగిపోయిన మనిషి, తన పేరు పత్రికలో పడినట్టు వింటున్నాడు.

"మల్లా ఒకసారి సదువు," అన్నాడు.

శుక్రవారం అనికేత్ డ్యూటీ దిగే వేళకు కోమలి కేసు షీటుతో ఎదురు నిలబడింది. కొత్త పేజీ కాదు, పాతదే. గిరి టైపు చేయించిన స్టేట్‌మెంటు మీద ఆమె సంతకం పెట్టలేదు. మందు పెట్టడమంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. సోమవారం ఆ పది నిమిషాలు లేవు. నిజానికి ఉన్నాయి, తను పెట్టలేదు.

"ఈ అర్థం నీకు ముందే తెలుసా?" అన్నాడు డాక్టర్.

"తెలుసు సర్."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

జనం ఎక్కువన్న జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. "నా ఇంగ్లీషు తప్పు లేకుండా వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నాను సర్. ఆమె ఏమంటోందో చూసుకోలేదు," అంది కోమలి.

ఆయన షీటు తన వైపు తిప్పుకున్నాడు. రాత్రి పేజీ మార్చే ప్రతిపాదనతో గిరి తనకు ఫోను చేశాడని చెప్పాడు. తర్వాత పెన్ను తీశాడు. విషపదార్థం అన్న మాట మీద ఒక గీత గీశాడు. గీత కింద ఆ మాట చక్కగా కనబడుతూనే ఉంది. పక్కన "వివరం మళ్లీ అడగకపోవడం నా లోపం" అని రాసి సంతకం చేసి, షీటు ఆమెకిచ్చాడు. కోమలి కింద రాసింది. తల్లి అన్న మాట స్థానిక నమ్మకానికి సంబంధించినది, విషం అని అర్థం కాదు, అనువాదంలో తప్పు నాది. పేరు, తేదీ, సాయంత్రం నాలుగూ ఇరవై. పేరు చివర గుడి వంకరపోయింది. దాన్ని దిద్దలేదు. ఒకసారి నమోదైన పోలీసు కేసును వెనక్కి తీసుకోవడం ఆసుపత్రి చేతిలో ఉండదు గనుక, ఆ పేజీ నకలు, డాక్టరు ఉత్తరం కలిపి ఆ సాయంత్రమే స్టేషనుకు పంపారు.

శనివారం పొద్దున వార్డులో పల్లవిని చూసింది. లోపలికి రానిచ్చారు. క్యారియర్ కూడా తిరిగొచ్చింది, మూత సొట్టపడి. దేవకమ్మ మంచానికి ఒక పక్క, పల్లవి ఒక పక్క. మధ్యలో వెంకటముని కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రో, తప్పించుకోవడమో. కోమలి చెప్పాల్సింది నిలబడే చెప్పేసింది. తప్పు మాట తనదేనని, కాగితంలో గీత గీసి దిద్దామని.

పల్లవి ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా? మెట్లకాడ నన్ను పలకరించింది నువ్వే గదా?"

"నేనే. అప్పటికి నాకు తెలియదు."

"కాగితంలో గీసినావు. సరే. మా ఊర్లో ఆ గీత ఎవురు గీస్తారు?" అంది పల్లవి. గొంతు పెంచలేదు. "మొగునికి ఇసం పెట్టినదానివని మా ఇంటి ముందర నిలబడి సూసిపోతా ఉండారు. మా యమ్మోళ్లను గూడా అడగతా ఉండారు."

కోమలి వార్డు తలుపు వైపు నడిచింది. ఇంత చేశాక ఒక మంచి మాట వినాలని లోపల ఎక్కడో ఆశ పెట్టుకున్నందుకు సిగ్గేసింది.

మూడు గంటలకు గిరి అనుభవ పత్రం ఇచ్చాడు. సిఫారసు ఫారం బల్ల మీద లేదు. "సదువుకో," అన్నాడు. రెండేళ్లు రిజిస్ట్రేషన్ విభాగంలో పనిచేసింది, నడవడిక మంచిది, అని ఉంది. చివర ఒక వరుస: ఈమె చేసిన అనువాద లోపం వల్ల ఒక కేసు పొరపాటుగా పోలీసు నమోదుకు వెళ్లింది.

"ఇది పెడితే వాళ్లు సీటియ్యరు. పెట్టకుంటే నీ రెండేండ్లు లెక్కకు రావు. నేను చేసింది కాదిది, నువ్వే చేసుకున్నావు," అన్నాడు గిరి. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. తను ఎక్కి వచ్చిన మెట్టు చూపిస్తే కాలితో తన్నేసిందని కాబోలు.

స్కానరు ఉన్నది రికార్డు రూములోనే. జుల్ఫికర్ పత్రం చదివి పెదవి కొరుక్కున్నాడు. "ఇదే పంపతావా?"

"ఇందులో అబద్ధమేమన్నా ఉందా భాయ్?"

ఆయన మళ్లీ మొదటినుంచి చదివాడు. "లేదు," అన్నాడు చివరికి. గాజు పలక తుడిచి, పత్రం వంకర లేకుండా పెట్టి, తనే బొత్తం నొక్కాడు. కోర్సు అని ఉన్నచోట కోమలి ఎంహెచ్ఏ ఎంచుకుంది. సీటు వస్తుందో రాదో ఆమెకు తెలియదు. నాలుగూ నలభైకి దరఖాస్తు పోయింది.

ఆ తర్వాత హాస్టలుకు పోవాల్సింది. కాళ్లు వార్డు మెట్లెక్కాయి.

"రేపు ఆదివారం నాకు సెలవు. మీ ఊరికి బస్సెప్పుడు?" అంది పల్లవితో.

పల్లవి ఉప్మా తెచ్చిన క్యారియర్ మూత సొట్టను బొటనవేలితో నొక్కుతూ కూర్చుంది. జవాబు దేవకమ్మ చెప్పింది.

"ఎనిమిదింటికి అమ్మణ్ణీ. నేనూ వస్తా." చీర కొంగు దోపుకుని లేచింది, బస్సు ఇప్పుడే ఉన్నట్టు. "నువ్వు తిప్పి చెప్పినావు సరే. ముందు అన్న నోరు నాదే గదా. ఇంటింటికీ నేనే పోయి చెప్పాల."

"మీరొస్తే ఈయన దగ్గర ఎవరుంటారు?" అంది కోమలి.

"ఎవరుండేదేంది? పెండ్లాం ఉండాది గదా."

ముసలామె అటు తిరిగి, కోడలి మొహం చూడకుండా, గోడతో మాట్లాడినట్టు అంది. "ఆకలంటా ఉండాడు. ఉప్మాలో ఏం కలిపినావో పెట్టు."

పల్లవి అత్త వైపు ఒకసారి చూసి క్యారియర్ మూత తీసింది.